కంభం చెరువు నుంచి కోవూరు కయ్యల దాకా

సోమవారం, కంభం

నేలను కాపాడుకోవడం గురించి మాట్లాడేవారు ఎక్కువగా ఎరువు గురించో విత్తనం గురించో చెబుతారు. ఆ పని ఎవరి బాధ్యత, ఆ బాధ్యత మోసేవారికి దక్కేది ఏమిటి అన్న సంగతి మాత్రం తక్కువగా వినిపిస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి కొస నుంచి నెల్లూరు డెల్టా దాకా చేసిన ఈ ప్రయాణంలో నేను ప్రధానంగా ఆ రెండో సంగతినే వెతుక్కుంటూ వెళ్ళాను. మాఘమాసాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో చాలా భాగానికి ఈశాన్య ఋతుపవనాలే పెద్ద ఆధారం గనుక, చెరువుల్లోకి ఎంత నీరు చేరిందో అప్పటికి తేలిపోతుంది. మెట్టలో కంది కోతలు సాగుతుంటాయి, నల్లరేగడిలో సెనగ కాయ పడుతుంది, పొగాకు ఆకును సెగ మీద ఆరబెట్టే బ్యారన్లు రాజుకుంటాయి, నెల్లూరు మాగాణుల్లో వరి పొట్ట దశకు వస్తుంది. సేద్యంలోని అన్ని రకాల పనులనూ ఒకే ప్రయాణంలో చూడడానికి ఇంతకన్నా అనువైన కాలం లేదు.

గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే రైలు వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు దాటి కంభం చేరింది. స్టేషన్ నుంచి ఆటోలో చెరువు కట్ట దగ్గరికి వెళ్ళాను. రెండు కొండల నడుమ ఉన్న ఇరుకు సందును రాతితో, మట్టితో మూసి, నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి వచ్చే గుండ్లకమ్మనూ, దానిలో కలిసే జంపలేరునూ అడ్డగించిన కట్ట ఇది. బ్రిటిషు కాలపు గెజిటీరు ఈ కట్ట ఎత్తును 57 అడుగులుగా, దీనిలోకి నీరు చేరే పరీవాహకాన్ని 430 చదరపు మైళ్ళుగా నమోదు చేసింది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీన్ని కట్టించిందని స్థానికులు చెప్పుకుంటారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దీన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. కట్ట మీద నిలబడి చూసినప్పుడు అసలు తెలివి రాళ్ళ పేర్పులో కన్నా స్థలం ఎంపికలోనే ఎక్కువగా ఉందనిపిస్తుంది. కొండలు రెండు వైపులా చేయవలసిన పనిని చేసిపెడుతుంటే, మనుషులు మధ్యలోని కొద్దిపాటి ఖాళీని పూడ్చి ఊరుకున్నారు.

తూము దగ్గర కలిసిన ఒక పెద్దాయన తన తండ్రి కాలపు ఏర్పాటును వివరంగా చెప్పారు. తూము ఎత్తి దించే నీరుగంటికి జీతం ఉండేది కాదు. పంట నూర్చినప్పుడు కల్లం దగ్గరే ప్రతి రైతూ అతని వంతు గింజలను, అంటే మేరను, కొలిచి ఇచ్చేవాడు. పై మడికి ఎక్కువ, కింది మడికి తక్కువ నీరు పెడితే కింది రైతు కల్లంలో మేర తగ్గుతుంది గనుక, నీరుగంటి న్యాయంగా ఉండడానికి విడిగా కాపలా అక్కరలేకపోయింది. "పంట పండితేనే వాడికీ గింజలు సార్, మాతో పాటే వాడూ ఎండేవాడు" అన్నారాయన.

చెరువు మరమ్మతుకూ ఇటువంటి ఏర్పాటే ఉండేది. చెరువు తవ్వించినవారికీ, దాన్ని బాగు చేయిస్తూ వచ్చేవారికీ ఆయకట్టులో కొంత భూమిని పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో ఇచ్చే దశబంధం ఈనాములు నెల్లూరు, కడప ప్రాంతాల్లో విరివిగా ఉండేవి. చెరువును నిర్లక్ష్యం చేస్తే ఆ భూమి మీది హక్కు ప్రశ్నకు గురయ్యేది. ఈనాములను రైత్వారీ పట్టాలుగా మార్చిన 1956 నాటి చట్టం తరువాత భూములు వ్యక్తుల పేరిట పట్టాలయ్యాయి, చెరువు పని ప్రభుత్వ శాఖలకు వెళ్ళింది. భూమీ బాధ్యతా ఒకదాని నుంచి ఒకటి విడిపోయిన ఘట్టం అదేనని నా అభిప్రాయం. ఈనాముల వ్యవస్థలో అన్యాయాలు లేవని కాదు, చాలా ఉన్నాయి. వాటిని తీసివేసినప్పుడు చెరువు కాపలా అనే పనికి సమానమైన మరో ఏర్పాటు వెంటనే రాలేదన్నదే నేను చెప్పదలచినది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చి, రైతులను మళ్ళీ నీటి యాజమాన్యంలోకి తెచ్చే ప్రయత్నం చేసింది.

కంభానికి దక్షిణాన, కొండలకు ఆవల, కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను చెబుతుంది. కట్ట ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, ఆయకట్టు ఎక్కువై నీరు తక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం వంటి దోషాలను ఏ ఇంజనీరైనా చెప్పగలడు. మిగిలిన ఒక్క దోషం మాత్రం వేరు: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఎవరిదో తేలని చెరువు ఎంత బాగా కట్టినా నిలవదని ఆనాటివారు శిలాక్షరాలు చేసి పెట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకుల ఊరైన మోక్షగుండం కూడా ఈ చుట్టుపక్కలదే కావడం వల్ల కాబోలు, ఇక్కడివారు నీటి గురించి మాట్లాడేటప్పుడు మాటలో ఒక అధికారం ధ్వనిస్తుంది.

చెరువు లోపలి అంచున కొంత మేర సర్కారు తుమ్మ అల్లుకుపోయి ఉంది. నీరు తగ్గే వేసవిలో పూడిక మట్టి తవ్వి పొలాలకు తోలుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదని, అయితే ఇప్పుడు పొలానికి వెళ్ళే ట్రాక్టర్లతో పాటు ఇటుక బట్టీలకు వెళ్ళే ట్రాక్టర్లూ వస్తున్నాయని పెద్దాయన చెప్పారు. ఎర్ర చల్క నేలకు చెరువు మట్టి తోలితే తేమ నిలిచే గుణం కొన్ని సంవత్సరాల పాటు పెరుగుతుంది, చెరువుకూ లోతు దక్కుతుంది. ఒకే తవ్వకంతో రెండు పనులు తీరే ఆ ఏర్పాటు బట్టీకి తోలినప్పుడు సగమే తీరుతుంది.

మంగళవారం, తర్లుపాడు నుంచి పొదిలికి

ఈ దారి అంతా మెట్ట. రాళ్ళు కలిసిన ఎర్రనేల, మధ్య మధ్య బత్తాయి తోటలు, మిగిలిన చోట్ల కోసిన కంది మోళ్ళు. కందిని ఈ నేలలు ఎందుకు భరిస్తాయో ఒక్క మొక్కను పీకి చూస్తే అర్థమవుతుంది. తల్లివేరు పొడుగునా లోతుకు దిగి, పై పొర ఎండిపోయినా కింది తడిని అందుకుంటుంది. రాలిన ఆకు మొదట్లోనే కుళ్ళి నేలకు చేరుతుంది. పూర్వం కందిని ఒంటిగా వేసేవారు కారు. సజ్జ, కొర్ర, ఆముదం, అలసంద వంటివాటితో కలిపి సాళ్ళ లెక్కన గొర్రుతో విత్తేవారు. సజ్జ మూడు నెలల్లో ఇంటికి చేరితే, కంది ఆ తరువాత తీరిగ్గా గుబురు కట్టి మాఘానికి కోతకు వచ్చేది. ఒక వాన ముఖం చాటేస్తే ఒక పంట పోయేది గాని, ఏడాదంతా పోయేది కాదు. ఇప్పుడు కంది ఒక్కటే వేసిన పొలాలు ఎక్కువగా కనిపించాయి. కలుపు మందు కొట్టడానికి ఒకే పంట అయితేనే వీలు అన్నారు రైతులు, అది నిజమే. కూలి మనుషులు దొరకని చోట పంటల ఎంపికను కలుపు మందే నిర్ణయిస్తోంది.

తర్లుపాడు దాటిన తరువాత ఒక కంది మోళ్ళ పొలంలో గొర్రెల మంద కట్టి ఉంది. నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోకెల్లా పొడగరి గొర్రెలుగా పేరు పొందాయి. వాటిలో ఒళ్ళంతా తెల్లగా ఉండేవాటిని పల్ల అనీ, తెలుపు మీద ముఖాన నల్ల మచ్చలుండేవాటిని జోడిపి అనీ, ఎర్రగా ఉండేవాటిని దొర అనీ అంటారు. ఈ మందలో జోడిపి ఎక్కువ. పగలంతా మేసి వచ్చిన మందను రాత్రి ఒక పొలంలో వల చుట్టి ఆపుతారు, మర్నాడు వల పక్కకు జరుపుతారు. ఇలా మడి తరువాత మడిగా పొలమంతా పెంటికలు, మూత్రం పడతాయి. మూత్రంలోని సత్తువ ఎండకు ఆవిరై పోకుండా, మంద లేచిన వెంటనే పైపైన గుంటక తోలి మట్టిలో కలిపేవాడే తెలిసిన రైతు. పెంటపోగు నుంచి బండ్లు తోలే ఖర్చు లేదు, చల్లే ఖర్చు లేదు, ఎరువు తన కాళ్ళతో తానే నడిచి వస్తుంది.

మంద యజమానికి ఒకప్పుడు ధాన్యం కొలిచేవారు, ఇప్పుడు రాత్రికి ఇంత అని డబ్బు ముడుతుంది. నేను అతన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: మందను ఎవరు కట్టించుకుంటున్నారు? సొంత పొలం ఉన్నవాళ్ళే అన్నాడు. "కౌలుకు చేసేవాళ్ళు పిలవరు సార్. మంద బలం మూడేళ్ళు ఉంటది, వాళ్ళ చేతిలో పొలం ఒక్క ఏడే ఉంటది." ఈ ప్రయాణం మొత్తం మీద నేను విన్న మాటల్లో ఎక్కువ బరువున్న మాట ఇదేనని అప్పటికి నాకు తెలియలేదు. తరువాత వెళ్ళిన ప్రతి చోటా ఇదే సంగతి వేరే రూపంలో ఎదురైంది.

పొదిలికి ఇవతల ఒక ఊళ్ళో, స్వయం సహాయక బృందంలో సభ్యురాలైన ఒక అక్కయ్య తన ఎకరన్నర పొలం చూపించారు. 2016 నుంచి రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఆమె చేరారు. ఎండాకాలంలోనే, వానలకు ముందే, నవధాన్యాల విత్తనాలను మట్టి, బూడిద, ఘనజీవామృతం అనే పేడ ఎరువుతో గుళికలు చేసి ఎండు దుక్కిలో చల్లుతారు. తొలి చినుకుకే అవి మొలిచి నేలను కప్పేస్తాయి. కొంత పశువుల మేతకు పోగా మిగిలినదాన్ని కలియదున్ని ఆపైన అసలు పంట వేస్తారు. ఆమె జీవామృతం తొట్టి కూడా చూపించారు: 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, రెండు రోజుల నానుడు. జీవామృతానికి ఆపాదించే మహిమలన్నిటినీ నేను నమ్మను. నేలను ఏడాదిలో వీలైనన్ని రోజులు పచ్చగా కప్పి ఉంచడం మీద మాత్రం నాకు గట్టి నమ్మకం ఉంది, ఆ పొలంలో చేత్తో తవ్వితే వచ్చిన మట్టి వాసన ఆ నమ్మకాన్ని పెంచింది. పక్క పొలం కూడా ఆమె కుటుంబమే కౌలుకు చేస్తోంది. అక్కడ నవధాన్యాలు చల్లలేదు. ఎందుకని నేను అడగలేదు.

బుధవారం, టంగుటూరు

కొండపి మీదుగా టంగుటూరు వైపు దిగుతుంటే పొలాల మధ్య ఎత్తైన బ్యారన్ల గోడలు కనిపించడం మొదలవుతుంది. వర్జీనియా పొగాకు సాగు, బ్యారన్ల నమోదు, వేలం అన్నీ 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు పరిధిలోనే నడుస్తున్నాయి. నీరు తక్కువైన తేలిక నేలల్లో ఇంత నమ్మకంగా డబ్బు తెచ్చే పంట ఇంకొకటి లేదని రైతులు అంటారు. ఆ మాటను కాదనడానికి నా దగ్గర లెక్కలేమీ లేవు.

ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్ లోపల అంచెలంచెలుగా వేలాడదీసి, ముందు సన్నటి సెగ మీద పసుపు పండించి, తరువాత ఆకును, చివరికి ఈనెను ఆరబెడతారు. ఐదారు రోజులు రాత్రింబగళ్ళు పొయ్యి ఆరకూడదు. కిలో ఆకు కాలడానికి నాలుగు కిలోలకు పైగా కట్టె పోతుందని ఒక రైతు లెక్క కట్టి చెప్పాడు. ఆ కట్టె ఒకప్పుడు గట్ల మీది వేప, తుమ్మ, చింతల నుంచి వచ్చేది. గట్లు బోడి అయ్యాక సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటల నుంచి, కాలువల వెంట సర్కారు తుమ్మ నుంచి వస్తోంది. గట్టు మీది చెట్టు నీడ పైరు మీద పడుతుందని కొట్టేసినవారే, ఎండాకాలంలో కూలీలకు కూర్చునే నీడ లేదని టార్పాలిన్ పట్టాలు కడుతున్నారు. ఇక్కడ చూడవలసినది ఇంతకన్నా ఎక్కువ లేదు. సాయంత్రానికి ఒంగోలు చేరాను.

గురువారం, కరవది, చదలవాడ

ఒంగోలు గిత్తకు ప్రపంచమంతా పేరు. గుండ్లకమ్మ నుంచి దక్షిణంగా సాగే ఈ తీరపు నల్లనేలల్లో పెరిగిన తెల్లని, బరువైన, మూపురం ఎత్తైన ఈ జాతి పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దానికి నెలోర్ అని పేరు. 1960ల తొలి సంవత్సరాల్లో వెళ్ళిన చివరి పెద్ద దిగుమతుల్లో, ఒంగోలు పక్కనున్న కరవది పేరే పెట్టుకున్న ఆంబోతు ఒకటి ఉంది. ఈనాడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఈ రక్తంతో కూడినవే. బ్రెజిల్లో లక్షల మందలుగా ఉన్న జాతి పుట్టిన తాలూకాలో తక్కువైపోవడం గురించి పత్రికల్లో తరచూ విచారం కనిపిస్తుంది. ఆ విచారాన్ని నేను ఇక్కడ మళ్ళీ రాయను. ఈ జాతి తయారైన తీరు గురించి చెప్పవలసింది అంతకన్నా ఎక్కువగా ఉంది.

కరవదిలో ఒక పెద్ద రైతు అరుగు మీద కూర్చోబెట్టి చెప్పిన వివరం ఇది. ఊళ్ళో మంచి ఆవుకు పుట్టిన కోడెదూడల్లో ఒకదాన్ని పెద్దలంతా కలిసి ఎంచి, దేవుడి పేర అచ్చు వేసి ఆబోతుగా వదిలేవారు. అది ఎవరి చేలోనైనా మేయవచ్చు, కర్ర ఎత్తకూడదు. ఎదకొచ్చిన ఊరి ఆవులన్నిటికీ అదే ఆధారం. అంటే జాతిని మెరుగుపరచే ఖర్చును ఏ ఒక్కరి మీదా వేయకుండా, ఊరి పైర్లన్నీ తలా కొంచెం మోసేవి. మంచి దూడను ఎంచడంలో పదిమంది కళ్ళు ఉండడం వల్ల, ఒక్కరి ఇష్టానిష్టాలకు జాతి బలి కాలేదు. జొన్నచొప్పా పిల్లిపెసరా మేపు. పిల్లిపెసరను వరి కోసిన తడిలోనో, జొన్న తరువాతనో చల్లితే పశువుకు మేతా నేలకు సత్తువా రెండూ దొరికేవి. పశువును చూసి పంటను, పంటను చూసి పశువును నిర్ణయించుకున్న వ్యవసాయం అది.

ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అవసరం తీరిపోయింది. పాలకు గేదె వచ్చింది. ఆబోతు చేలో పడితే ఇప్పుడు ఊరుకునేవారు లేరు. ఈనాడు గిత్తలను మేపేవారిలో ఎక్కువమంది బండలాగుడు పందేల కోసం మేపుతున్నారు. ఉలవలు ఉడికించి పెట్టి, నూనెతో ఒళ్ళు రుద్ది, పిల్లల కన్నా ఎక్కువగా చూసుకుంటారు, జత ధర లక్షల్లో పలుకుతుంది. పందేన్ని చిన్నచూపు చూసేవారున్నారు గాని, పందెం లేకపోతే ఈ ఊళ్ళలో గిత్త అన్నది కనిపించడం కష్టమే. అయితే పందేనికి కావలసింది బలమైన కోడె మాత్రమే, ఆవు కాదు. ఆవును నిలబెట్టే ఏర్పాటు పందెంలో లేదు. ఆ పనిని నాగులుప్పలపాడు మండలం చదలవాడలోని ప్రభుత్వ పశుక్షేత్రం, గుంటూరు దగ్గరి లాం ఫారం వంటివి చేస్తున్నాయి. చదలవాడ దారిలో రోడ్డుకు ఇరువైపులా సెనగ చేలు. తొలకరి వానల్లో నేలను ఖాళీగా ఉంచి, పలుసార్లు దున్ని తడిని బిగించి, కార్తీకంలో విత్తితే, ఆ నిలవ తడితోనూ మంచుతోనూ పండే పంట అది, ఒక్క తడి కూడా పెట్టరు. తెల్లవారుజామున సెనగ ఆకు మీది మంచును పల్చని గుడ్డతో అద్ది పిండితే వచ్చే పులుపును మా నాయనమ్మ కడుపు నొప్పికి పోసేది. చేలో దిగి గుడ్డ పరుస్తానంటే ఆ రైతు నవ్వి, మందు కొట్టి నాలుగు రోజులే అయింది, నాలుక మీద పెట్టుకోవద్దని చెప్పాడు.

శుక్రవారం, కొత్తపట్నం

సముద్రపు ఒడ్డున ఇసుక తప్ప మరేమీ లేని చోట కూరగాయలు పండించడం చూడాలంటే కొత్తపట్నం తీరానికి రావాలి. వాన నీరు ఇసుకలో వెంటనే ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు గనుక రెండూ తొందరగా కలవవు. ఈ ప్రాంతపు రైతులు ఆ సంగతిని ఎప్పుడో కనిపెట్టి, పొలం మూల లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా గుంట తవ్వుకుని, దానిలోకి ఏటవాలుగా దారి చేసుకున్నారు. ఇదే దొరువు. రెండు చేతుల్లో రెండు కుండలతో ఏటవాలున దిగి, ముంచుకుని, పైకి వచ్చి, మొక్క మొక్కకూ చల్లుకుంటూ పోతారు. మిరప, వంగ, వేరుసెనగ, నార్లు ఈ నీళ్ళతోనే పెరిగాయి.

దొరువులోని తెలివి అంతా తీసే వేగంలో ఉంది. కుండతో తీసినంత సేపూ చుట్టూ ఉన్న ఇసుకలోంచి మంచినీరు పక్కల నుంచి ఊరుతూ వస్తుంది. లోతుగా బోరు దించి మోటారు పెడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి లేస్తుంది, ఒకసారి లేచాక ఆ చోట మళ్ళీ మంచినీరు నిలవడానికి ఎన్నో వానలు పడాలి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రం ఈ పాత పద్ధతిని వదలకుండానే మెరుగుపరిచింది. లోతుకు పోకుండా, నీటి పొరలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటన్నిటినీ ఒక చిన్న బావిలోకి కలిపి, అక్కడి నుంచి తక్కువ శక్తి గల మోటారుతో తీయడం ఆ పద్ధతి. నేను చూసిన ఒక తోటలో అటువంటి బావి నుంచి స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. పరిశోధన అంటే రైతు చేస్తున్నదాన్ని చెరిపేయడం కాదని నమ్మే శాస్త్రవేత్తలు ఉన్న చోట ఇటువంటివి పుడతాయి.

దొరువు రైతు ఎంత పొదుపుగా నీరు తీసినా, అతని దొరువు పక్క పొలం మీదే ఆధారపడి ఉంది. రొయ్యల చెరువుల్లో ఉప్పునీరు నిలబెడితే అది ఇసుకలో ఊరి ఇవతలి మంచినీటి పొరలో కలుస్తుంది. తీరప్రాంతపు రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996లో తీవ్రమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, నమోదు తప్పనిసరి చేసింది. 2009 నుంచి వెనామి అనే కొత్త రకం రొయ్య వచ్చి లాభాలు పెరిగాక చెరువులూ పెరిగాయి. రొయ్యల రైతులు దుర్మార్గులని నేను అనను, వాళ్ళలో చాలామంది నిన్నటి దాకా వరి వేసి నష్టపోయినవారే. కాని ఒకరి గట్టు లోపలి నిర్ణయం పొరుగువారి నేల కిందికి చేరుతుందన్న సంగతిని కొలిచే సాధనం మన భూమి రికార్డుల్లో లేదు. పట్టాదారు పాస్ పుస్తకం విస్తీర్ణం చెబుతుంది, నీటి పొర ఎవరిదో చెప్పదు. మల్లెతోట ఉన్న ఒక రైతు ఆ ఏడాది తన దొరువు నీళ్ళను నోట పోసుకుని చూసి, "నిరుడు ఇంత ఉప్పన లేదు" అని మాత్రం అన్నాడు. అతనికి ఫిర్యాదు చేయాలన్న ఉద్దేశం కూడా కనిపించలేదు. అవతలి చెరువు అతని మేనమామ కొడుకుది.

శనివారం

ఒంగోలు నుంచి నెల్లూరుకు. ఉలవపాడు దగ్గర మామిడి తోటలు పూత మీద ఉన్నాయి, కావలి దాటాక కాలువలు కనిపించాయి. రోజంతా బస్సులోనే గడిచింది, ఇంకేమీ రాయవలసినది లేదు.

ఆదివారం, సంగం

పెన్న మీద సంగం దగ్గర పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్ట చాలా కాలం ఈ డెల్టాను పోషించింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది, నెల్లూరు బ్యారేజీ కూడా అదే రోజు. ఎగువన 78 టి.ఎం.సి.ల సోమశిల ఉండడం వల్ల, ఇప్పుడు డెల్టాలో నీరు వస్తుందా రాదా అన్న బెంగ తగ్గి, ఏ కాలువకు ఎప్పుడు వదులుతారన్న లెక్క పెరిగింది. ప్రతి పంటకాలానికి ముందు జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుని ఎన్ని ఎకరాలకు నీరివ్వాలో తేలుస్తుంది. బ్యారేజీ చూడడానికి వచ్చేవారు చాలామంది. కాని దాని నుంచి బయలుదేరిన నీరు చివరి కయ్యకు, అంటే చివరి వరి మడికి, చేరే పంటకాలువలను చూడడానికి ఎవరూ రారు. బుచ్చిరెడ్డిపాలెం వైపు ఒక పిల్లకాలువ వెంట కొంత దూరం నడిచాను. గుర్రపుడెక్క అడ్డంపడి, గట్లు చిట్లి, ఎగువ రైతు అడ్డం వేసిన బస్తాల మీదుగా నీరు పొర్లిపోతోంది. మునుపు పంటకు ముందు ఆయకట్టు రైతులంతా ఇంటికొక మనిషి చొప్పున కాలువ పూడిక తీసేవారు. ఇప్పుడు ఇంటికొక మనిషి అంటే, ఏ ఇంటి నుంచి? భూమి ఉన్నవారిలో చాలామంది ఇళ్ళు హైదరాబాదులోనో, చెన్నైలోనో, అంతకన్నా దూరానో ఉన్నాయి.

సోమవారం, కోవూరు

మా చిన్నాన్న కోవూరు దగ్గర కొంత సొంత భూమి, అంతకు రెట్టింపు కౌలు భూమి చేస్తారు. ఆయనకు వ్యవసాయం పుట్లలోనే తెలుసు. నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. దిగుబడి, ధర, కౌలు అన్నీ దానిలోనే నడుస్తాయి. ఉదయం కయ్యల వెంట తిప్పుతూ, ఒకప్పుడు ఇక్కడి పేరు మోసిన మొలగొలుకుల గురించి చెప్పారు. సన్న బియ్యం, తీపి అన్నం, అయితే దాదాపు ఆరు నెలల పంట. అంత కాలం నీరు నిలిపి ఉంచే రోజులు పోయాయి. నెల్లూరు వరి పరిశోధనా స్థానం 2009లో ఇచ్చిన నెల్లూరు మషూరి అనే 34449 రకం ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తుంది. పాత రకాలు పోయాయని బాధపడేవారి మాట నాకు సగమే నచ్చుతుంది. తక్కువ రోజుల్లో పండే విత్తనం వల్ల మిగిలే నీరు కూడా ఒక పంటే. బాధపడవలసినది, రెండు పంటల నడుమ మిగిలిన ఆ రోజులను నేల కోసం వాడకపోవడం.

ఆ వాడకం అంటే నేలలోనే కలియదున్నే పచ్చిరొట్ట పైర్లు: జీలుగ, జనుము, పిల్లిపెసర. చిన్నాన్న సొంత కయ్యల్లో దుక్కికి ముందు జీలుగ చల్లి, పూత రాకముందే దమ్ములో కలియదొక్కిస్తారు. కౌలు కయ్యల్లో మొన్నటి దాకా చల్లలేదు. ఎందుకని ఈసారి అడిగాను.

"ఏందబ్బయ్యా, జీలుగ ఏస్తే భూమికి బలమే, కాదనేదెవురు? ఆ బలం వొచ్చే ఏడు ఎవుడు తింటాడో అది తేలాల గదా ముందు."

2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం యజమాని, సాగుదారు 11 నెలలకు ఒప్పందం రాసుకోవచ్చు. ఆ పత్రంతో కౌలుదారుకు పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం అందే వీలు కలుగుతుంది, యజమాని హక్కుకు ఏ భంగమూ రాదని చట్టమే చెబుతుంది. అయినా సంతకం పెట్టే యజమానులు తక్కువ. భూమి చేయి జారుతుందన్న భయం ఇంకా పోలేదు. సంతకం పెట్టినా 11 నెలలు పంటకు చాలుతాయి గాని నేలకు చాలవు. చెరువు మట్టి తోలినా, మంద కట్టించినా, జీలుగ తొక్కించినా దాని ఫలితం రెండో ఏట, మూడో ఏట అందుతుంది. తర్లుపాడు దగ్గర గొర్రెల కాపరి చెప్పినదీ ఇదే.

చిన్నాన్న ఈమధ్య తనకు తోచిన దారి ఒకటి పట్టారు. ఆయన చేసే కౌలు భూముల్లో ఒకదాని యజమాని హైదరాబాదులో ఉద్యోగి. నమ్మకస్తుడే. ప్రభుత్వ పత్రం 11 నెలలకే రాసుకున్నా, దానితో పాటు ఇద్దరూ ఒక తెల్ల కాగితం మీద మూడేళ్ళ మాట రాసుకుంటున్నారు. భోజనం తరువాత ఆ కాగితం నా చేతికిచ్చి, అక్షరదోషాలు దిద్దమన్నారు. ఏటా జీలుగ విత్తనం ఖర్చు యజమానిది, దున్నించే ఖర్చు సాగుదారుది. గట్టు మీది తాటిచెట్లూ వేపచెట్లూ ఎవరూ కొట్టకూడదు. గడ్డి తగలబెట్టకూడదు, పశువులున్నవారికి ఇవ్వాలి. మూడేళ్ళ లోపు భూమి తీసుకోవలసి వస్తే, ఆఖరుసారి జీలుగ తొక్కించిన ఖర్చు సాగుదారుకు తిరిగి ఇవ్వాలి. రొయ్యల గుంటకు ఇవ్వదలచుకుంటే ఏడాది ముందు చెప్పాలి, పక్క కయ్యల రైతులతోనూ మాట్లాడాలి. చెప్పినా వినకపోతే ఏమి చేస్తారని అడిగితే, "వింటాడులే, వాళ్ళ నాయన మాట అట్టాంటిది" అన్నారు. కోర్టులో ఈ కాగితానికి ఎంత విలువ ఉంటుందో ఆయనకూ తెలుసు.

ఆరో అంశం దగ్గర పెన్ను ఆగి ఉంది. కయ్యకు నీరు తెచ్చే పంటకాలువ పూడిక తీయించే ఖర్చు ఎవరిదని రాయాలో ఇద్దరూ తేల్చుకోలేదు. కాలువ ఆ భూమిలో లేదు, పై రైతు పొలంలోంచి వస్తుంది, అతనిది కూడా కౌలే. ఉగాదికి యజమాని ఊరికి వస్తాడట. ఆ పై రైతునూ, అతని భూమి యజమానినీ కూడా ఆ రోజే పిలిపించి మాట్లాడతానని, అప్పటిదాకా ఆ గీత ఖాళీగానే ఉంచమని చిన్నాన్న చెప్పారు.